దుమ్ము పోయే దారినే మందు

బళ్ళారి దాటగానే ఎదురయ్యే సంగనకల్లు గుట్టల్లో రాయి కొట్టడం నిన్న మొన్నటి పని కాదు. సుమారు ఐదు వేల ఏళ్ళ నాడే ఇక్కడ జనం పశువుల మందలతో కాపురాలున్నారు. హిరేగుడ్డ మీద నల్లటి డోలరైట్ రాతి కట్టను పగలగొట్టి, చెక్కి, బండల మీద నూరి గొడ్డళ్ళు చేశారు. 1872లో విలియం ఫ్రేజర్ అనే ఇంజనీరు ఈ చోటును గుర్తించాడు. తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. 1940ల్లో మన పురావస్తు శాస్త్రవేత్త బెండపూడి సుబ్బారావు ఇక్కడ తవ్వకాలు జరిపాడు. ఇప్పుడు ఆ గుట్టల చుట్టూ గొడ్డళ్ళకు బదులు కంకర పుడుతోంది. క్వారీ తవ్వకాలు ఆ పాతకాలపు ఆనవాళ్ళను కూడా తినేస్తున్నాయని పురావస్తు పరిశోధకులు ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు.

రాయి పగిలిన చోట దుమ్ము లేస్తుంది. ఒక్క రాతి దుమ్మే అయితే వేరే మాట. సండూరు కొండల ఇనుప ఖనిజం లారీలు, బళ్ళారి చుట్టూ ఉన్న స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, జీన్స్ కుట్టే షెడ్లలో గాలిలో తేలే నూలు పీచు, మిరప కల్లాల ఘాటు, ఇళ్ళలో కట్టెల పొయ్యి పొగ, మగవాళ్ళ నోట్లో బీడీ, అన్నీ కలిసి ఈ జిల్లాలో ఛాతీ మీద పడుతున్నాయి. 1953 అక్టోబరు 1న జిల్లాను చీల్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. గాలికి ఆ గీత తెలియదు. అటూ ఇటూ ఒకే ఆయాసం, ఒకే పిల్లికూతలు. ‘దమ్ము’ అని కన్నడంలో అన్నా తెలుగులో అన్నా అర్థమయ్యేది ఒకటే.

దుమ్ము ఊపిరితిత్తుల అడుగుకు ఎలా చేరుతుందో తెలిస్తే, పంపు మందు, అంటే ఇన్‌హేలర్, ఎలా వాడాలో సగం తెలిసినట్టే. ఎందుకంటే రెండూ పోయేది ఒకే దారిన.

మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 10 మైక్రాన్లకు పైబడిన రేణువులు ముక్కులో, గొంతులో తగులుకుని ఆగిపోతాయి. క్రషర్ దగ్గర పనిచేసేవాళ్ళ కనుబొమల మీద తెల్లగా పేరుకున్న పొడి చాలావరకు ఈ కోవదే. కడుక్కుంటే పోతుంది, చీదితే బయటకొస్తుంది. కంటికి ఆనని 1 నుంచి 5 మైక్రాన్ల దుమ్ము మాత్రం గాలితోపాటు మలుపులన్నీ తిరిగి, ఊపిరిగొట్టాల చిట్టచివరి కొమ్మల దాకా వెళ్ళి కూర్చుంటుంది. ఇన్‌హేలర్ తయారుచేసేవాళ్ళు మందును కావాలని ఆ కొలతకే నలుపుతారు. శరీరం కాపలా పెట్టుకున్న వాకిళ్ళన్నీ దాటి లోపలికి పోగలిగిన కొలత అది మరి.

అంత అవస్థ ఎందుకు, మాత్ర మింగితే సరిపోదా అంటారు. సాల్‌బ్యుటమాల్ మాత్రలో సాధారణంగా 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే మందు పంపులో ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో 40వ వంతు. మాత్ర కడుపులో కరిగి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, అందులో కొంత ఊపిరిగొట్టాలకు చేరుతుంది. టమోటా మడి ఒకటి తడవాలని చేనంతటికీ నీళ్ళు కట్టినట్టు. అందుకే మాత్ర వేసుకున్నాక చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పంపు మందు నిమిషాల్లో పనిచేస్తుంది, ఒంటి మీద భారమూ తక్కువ. స్టెరాయిడ్ల విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 30, 40 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇన్‌హేలర్‌లో రోజూ పీల్చే బ్యూడెసొనైడ్ చాలామందికి 200 నుంచి 400 మైక్రోగ్రాములు చాలు. ‘పంపు స్టెరాయిడ్, వద్దు’ అని భయపడి, ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్ళో డెక్సామెథసోన్ సూది వేయించుకునేవాళ్ళు తాము తప్పించుకుంటున్నామనుకున్న దానికి ఎన్నో రెట్లు ఒంట్లోకి ఎక్కించుకుంటున్నారు. ఎముకలు గుల్లబారడం, షుగర్ పెరగడం, కంట్లో శుక్లాలు, ఇవన్నీ మాటిమాటికీ వేసే సూదుల వల్ల, మాత్రల వల్ల వచ్చే ముప్పులు.

ఈ పంపు పుట్టుక వెనుక ఒక పిల్ల ప్రశ్న ఉంది. అంతకుముందు ఆస్తమా మందును గాజు నెబ్యులైజర్‌లో పోసి రబ్బరు బుడ్డ చేత్తో నొక్కి పీల్చేవారు. గాజు పగిలేది, మోతాదు చేతివాటాన్ని బట్టి మారేది. 1955లో అమెరికాలో రైకర్ ల్యాబొరేటరీస్ అధిపతి జార్జి మేసన్‌ను ఆస్తమా ఉన్న ఆయన కూతురు అడిగింది, హెయిర్ స్ప్రే డబ్బాలో ఉన్నట్టు నా మందు ఎందుకు ఉండకూడదని. మరుసటి ఏడాదే, 1956లో, నొక్కిన ప్రతిసారీ ఒకే కొలతలో మందు చిమ్మే మెడిహేలర్ బజారుకు వచ్చింది. దాన్ని చిమ్మే క్లోరోఫ్లోరోకార్బన్ వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత క్రమంగా వాటిని మార్చారు గానీ, డబ్బా లోపలి అమరిక ఈనాటికీ దాదాపు అదే.

మారనిది ఇంకొకటుంది, వాడటంలో జరిగే పొరపాటు. పంపు నొక్కితే మందు చాలా వేగంగా చిమ్ముతుంది. తిన్నగా వాడినా సుమారు 10 నుంచి 20 శాతమే ఊపిరితిత్తులకు చేరుతుంది, మిగతాది గొంతు వెనక గోడకు కొట్టుకుంటుంది. వాడటం తప్పితే ఆ కొంచెం కూడా చేరదు. నొక్కిన తర్వాత పీల్చడం మొదలుపెట్టేవాళ్ళకు, ఆత్రంగా ఒక్కసారి లాగేసేవాళ్ళకు నోట్లో చేదు తప్ప ఛాతీలో మార్పుండదు. పెదాల సందుల్లోంచి తెల్లటి పొగ బయటకు వస్తే డబ్బు పెట్టి కొన్న మందు గాలిలో పోతున్నట్టే. అప్పుడు రోగి ‘ఈ మందు నాకు పడలేదు’ అంటాడు, డాక్టరు మోతాదు పెంచుతాడు. చేతిలో ఉన్న తప్పు చీటీ మీద కనబడదు.

చేయవలసింది ఇది. మూత తీసి లోపల ఏమైనా పడిందేమో చూడాలి. జేబులో, సంచిలో మూత లేకుండా పెట్టుకున్న పంపులోకి నాణెం, కాగితం ముక్క దూరి ఊపిరిగొట్టంలోకి పోయిన సంఘటనలు ఉన్నాయి. డబ్బాను బాగా కదపాలి. కొత్తదైనా, కొన్నాళ్ళు వాడకుండా పెట్టినదైనా, దానితో వచ్చిన కాగితంలో చెప్పినన్ని సార్లు గాలిలోకి నొక్కి చూడాలి. నిటారుగా కూర్చుని, లోపలి గాలి నెమ్మదిగా వదిలేసి, పెదాలు బిగించి, ఊపిరి లోపలికి తీసుకోవడం మొదలుపెట్టగానే ఒక్కసారి నొక్కాలి. నొక్కాక కూడా నాలుగైదు సెకన్ల పాటు నింపాదిగా పీలుస్తూనే ఉండాలి. తర్వాత పది లెక్కపెట్టే దాకా ఊపిరి బిగబట్టాలి. రేణువులు గోడలకు దిగి అంటుకోవడానికి ఆ పది సెకన్లు కావాలి. రెండో నొక్కు కావాలంటే అర నిమిషం ఆగి, మళ్ళీ కదిపి, మళ్ళీ మొదటినుంచి. వెంటవెంటనే రెండు నొక్కులు నొక్కడం వల్ల లాభం లేదు.

పొడి మందు దీనికి సరిగ్గా ఎదురు. మన ఊళ్ళలో ఎక్కువమంది వాడేది రోటాహేలరే, చవక కనుక. కేప్సూల్‌ను దాని చదరపు రంధ్రంలో పారదర్శకంగా ఉన్న కొస కిందికి వచ్చేలా నొక్కి పెట్టి, కింది భాగం తిప్పితే లోపల కేప్సూల్ రెండుగా విడిపోతుంది, పొడి రాలుతుంది. ఇక్కడ చిమ్మే వాయువు ఏదీ లేదు. పొడిని లాగేది మన ఊపిరే. కాబట్టి నెమ్మదిగా కాదు, మొదటి క్షణం నుంచే బలంగా, లోతుగా లాగాలి. వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే లోపల గోడలకు పొడి ఇంకా అంటుకుని ఉందో లేదో కనబడుతుంది. ఉంటే మళ్ళీ ఒకసారి లాగాలి. దానిలోకి ఊపిరి వదలకూడదు, ఆ తేమకు పొడి ముద్దకడుతుంది. కేప్సూళ్ళను ముందే విప్పి డబ్బాలో పోసి పెట్టినా అంతే.

ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళకు బాగా అలవాటైన సంభాషణ ఒకటుంది. ‘అవ్వా, మాత్రలు ఎట్ల వాడుతున్నావు?’ అని నర్సు అడుగుతుంది. ‘పొద్దున ఒకటి, రాత్రికొకటి నీళ్ళతో మింగుతాండా తల్లీ’ అంటుంది అవ్వ. ఆ పొడి కేప్సూల్ మింగేది కాదని ఎవరూ ఆమెకు చెప్పలేదు. నెలల తరబడి మందు కడుపులోకి పోయింది, ఆయాసం అట్లాగే ఉంది. ఇందులో అవ్వ తప్పేమీ లేదు. చదువుకున్నవాళ్ళు కూడా చూపించకుండా ఇస్తే తప్పే చేస్తారు. ఒకసారి నేర్చుకున్నా కొన్ని వారాల్లో చెయ్యి మళ్ళీ గాడి తప్పుతుంది. అందుకే వెళ్ళిన ప్రతిసారీ పంపు వెంట తీసుకెళ్ళి, డాక్టరు ముందో నర్సు ముందో వాడి చూపించాలి. వాళ్ళు అడగకపోతే మనమే అడగాలి, ‘సార్, సరిగ్గా పీలుస్తున్నానా చూడండి’ అని. ఇది మొహమాటపడే విషయం కాదు.

నొక్కడం, పీల్చడం కుదరని పిల్లలకు, ముసలివాళ్ళకు స్పేసర్ ఉంది. పంపు చిమ్మిన మందు ఆ గొట్టంలో నిలుస్తుంది, పెద్ద రేణువులు దాని గోడలకే ఆగిపోతాయి, సన్నవాటిని ఐదారు మామూలు ఊపిరులతో పీల్చుకోవచ్చు. చంటిపిల్లలకు మాస్కు తగిలించినది కావాలి. స్పేసర్ కొనే స్తోమత లేకపోతే? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హెదర్ జార్ అనే పిల్లల డాక్టరు బృందం అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, గాలి పోకుండా బిగించి, ఆయాసంతో వచ్చిన పిల్లలకు వాడి చూసింది. కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. మూతి దగ్గర పిల్ల నోరు పెడుతుంది, అంతే. ఇంత చవకైన సంగతి మన పల్లెల్లో ప్రతి ఆశా కార్యకర్తకూ తెలిసి ఉండాలి. స్పేసర్‌ను సబ్బు నీళ్ళలో ముంచి తీసి, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌లో విద్యుత్తు పుట్టి మందును తన వైపు లాగేసుకుంటుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రాణాలు పోతున్నది ఇక్కడే.

పంపులు రెండు రకాలు. సాల్‌బ్యుటమాల్ వంటిది, ఎక్కువగా నీలం రంగులో వచ్చేది, బిగుసుకున్న గొట్టాల కండరాలను వదులు చేస్తుంది. ఐదు నిమిషాల్లో హాయిగా ఉంటుంది, నాలుగైదు గంటల్లో దిగిపోతుంది. ఆస్తమాకు మూలం మాత్రం కండరం కాదు, గొట్టాల లోపలి పొర వాపు. దాన్ని తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. వేసుకోగానే ఏమీ తెలియదు, రోజూ వాడితే రోజుల్లో, వారాల్లో పని చూపిస్తుంది. మనిషి సహజంగా తక్షణం హాయినిచ్చేదాన్నే నమ్ముతాడు. నీలం పంపు జేబులో పెట్టుకుని, రెండోది అటక మీద పెడతాడు. లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది, నీలం పంపు నొక్కులు పెరుగుతుంటాయి, ఒక రాత్రి అది కూడా పనిచేయదు.

దీనికి ప్రపంచం ఇప్పటికే పెద్ద వెల చెల్లించింది. 1960ల్లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి చోట్ల ఎక్కువ మోతాదు ఐసోప్రెనలిన్ పంపులు విరివిగా అమ్ముడైన రోజుల్లో ఆస్తమా మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. 1970ల చివర న్యూజిలాండ్‌లో ఫెనోటెరాల్‌తో మళ్ళీ అదే జరిగింది. చివరకు 2019లో అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు రూపొందించే జినా సంస్థ, పెద్దలకూ కౌమారంలో ఉన్నవారికీ సాల్‌బ్యుటమాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం ఇక కూడదని తేల్చింది. స్టెరాయిడ్ తోడు తప్పనిసరి. బ్యూడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఒకే పంపును రోజువారీకీ, ఆయాసం వచ్చినప్పుడూ వాడే పద్ధతి అలా ముందుకొచ్చింది. ఫార్మోటెరాల్ త్వరగా పనిచేస్తుంది కాబట్టి అది సాధ్యం. ఈ పద్ధతిలో రోజుకు ఎన్ని నొక్కులు దాటకూడదో డాక్టరు రాసివ్వాలి. 200 నొక్కుల నీలం పంపులు ఏడాదికి మూడు, అంతకు మించి ఖర్చవుతుంటే ముప్పు పెరుగుతున్నట్టు లెక్క. ఇంట్లో ఖాళీ డబ్బాలు లెక్కపెట్టుకుంటే ఎవరికి వారికే తెలిసిపోతుంది.

2019 అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో సుమారు 13 శాతం భారతదేశంలో ఉన్నారు. ఆస్తమా మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా ఇక్కడే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం నాకు నిద్రపట్టనివ్వదు. మందు లేక కాదు. ప్రపంచానికి ఇన్‌హేలర్లు ఎగుమతి చేసే దేశం మనది. పంపు అంటే ఆఖరి మందు, ఒకసారి పట్టుకుంటే వదలదు, ఆడపిల్ల వాడుతోందని తెలిస్తే పెళ్ళి కాదు, ఇలాంటి మాటలు మందుకు అడ్డం పడుతున్నాయి. గర్భిణులు కూడా పంపు మానకూడదు. తల్లికి ఊపిరాడకపోవడమే బిడ్డకు అసలు ప్రమాదం.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉచితంగా పంచే చేప ప్రసాదం కోసం దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. పసుపుపచ్చని ముద్దను కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు దాని శాస్త్రీయతను ఏళ్ళ తరబడి ప్రశ్నించాయి. ఆస్తమాను అది నయం చేస్తుందని నిరూపణ ఏదీ లేదు. రాత్రంతా క్యూలో నిలబడే ఆ తల్లిదండ్రుల ఆరాటం నాకు అర్థమవుతుంది. వాళ్ళను నేను వేడుకునేది ఒక్కటే. ఏ నమ్మకంతో ఎక్కడికి వెళ్ళినా, పిల్లవాడి రోజువారీ పంపు ఒక్క పూట కూడా ఆపకండి. ఆస్తమా తనంతట తాను కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వచ్చే జబ్బు. ఆ తగ్గిన రోజుల్ని చూసి మందు మానేసినవాళ్ళే రాత్రివేళ అత్యవసర విభాగానికి వస్తారు.

బీడీ తాగినవాళ్ళకూ, దశాబ్దాల పాటు పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళకూ వచ్చే సీఓపీడీ వేరు. అందులో గొట్టాలు శాశ్వతంగా ఇరుకవుతాయి, గాలి గదులు చెడతాయి. మందు పీల్చినా పూర్తిగా తెరుచుకోవు. రెండింటినీ విడదీసేది స్పైరోమెట్రీ. బలంగా ఊది చేసే ఈ పరీక్షలో మందు పీల్చాక కూడా మొదటి సెకనులో వచ్చే గాలి మొత్తంలో 70 శాతం కన్నా తక్కువగా ఉంటే సీఓపీడీని అనుమానిస్తారు. ఈ జబ్బులో టయోట్రోపియం, గ్లైకోపైరోనియం వంటి ఎక్కువసేపు పనిచేసే మందులు ముందుంటాయి. స్టెరాయిడ్ కొందరికే అవసరం, దానితో న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది కూడా. ఆస్తమాలో అయితే ఎక్కువసేపు పనిచేసే గొట్టాల మందును స్టెరాయిడ్ లేకుండా ఒంటరిగా వాడటమే ప్రమాదం. అందుకే పక్కింటి తాత పంపు మనకు పనికిరాదు. టయోట్రోపియం, ఐప్రాట్రోపియం వంటివి కంట్లో పడకుండా చూసుకోవాలి. గ్లాకోమా ఉన్నవాళ్ళు, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉన్నవాళ్ళు డాక్టరుకు ముందే చెప్పాలి.

స్టెరాయిడ్ ఉన్న ఏ పంపు వాడినా తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, మింగకూడదు. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత లేస్తుంది, గొంతు బొంగురుపోతుంది. బళ్ళారి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఆగి ఉన్న కారులో, రేకుల షెడ్డు కిటికీలో పంపు పెట్టకూడదు, ఖాళీదైనా మంటలో వేయకూడదు. మందు అయిపోయాక కూడా డబ్బా చిమ్ముతూనే ఉంటుంది, అప్పుడు వచ్చేది వాయువే. కదిపి చూడటం, నీళ్ళలో తేలుతుందేమో చూడటం నమ్మదగ్గ పద్ధతులు కావు. అంకెల మీటరు లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీద రాసుకోవాలి. రోజుకు నాలుగు నొక్కులైతే 120 నొక్కుల డబ్బా నెలకు చెల్లు.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పక్కటెముకల మధ్య గుంటలు పడటం, పెదాలు నీలబడటం, మగత, ఇవి ఇంట్లో ఆగే గుర్తులు కావు. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, సాల్‌బ్యుటమాల్‌ను స్పేసర్‌తో ఒక్కొక్క నొక్కుగా ఇవ్వాలి. పెద్దవాళ్ళకు 4 నుంచి 10 నొక్కుల వరకు ఇచ్చి, అవసరమైతే 20 నిమిషాలకు మళ్ళీ ఇవ్వవచ్చు. కానీ దాని ఫలితం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, ఈలోపే 108కి ఫోన్ చేయాలి. కూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసించిపోతే తగ్గిందనుకోకూడదు. లోపలికి గాలే పోవడం లేదని అర్థం.

మళ్ళీ క్వారీ దగ్గరికి రావాలి, ఎందుకంటే అక్కడ పంపు చేయలేనిది ఒకటుంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఎక్కువ. దాని సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టే జబ్బు సిలికోసిస్. పంపు మందు గొట్టాలను తెరవగలదు గానీ ఆ మచ్చలను కరిగించలేదు. క్షయ వచ్చే అవకాశమూ వీళ్ళకు ఎక్కువ. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు పెద్ద దుమ్మును ఆపుతుంది తప్ప ఆ 5 మైక్రాన్ల లోపుదాన్ని ఆపదు. ముఖానికి బిగుతుగా అతికే ఎన్95 మాస్కు కొంత ఆపుతుంది. నీళ్ళు పోస్తూ డ్రిల్లింగ్ చేయడం, క్రషర్ మీద నీళ్ళు చిమ్మించడం దుమ్మును పుట్టిన చోటే అణచివేస్తాయి. ఆ ఖర్చు యజమానిది, కూలివాడిది కాదు. చట్టం ప్రకారం సిలికోసిస్ ప్రకటిత వ్యాధి, అంటే వచ్చినట్టు అధికారులకు తెలియజేయవలసినది. నష్టపరిహారానికి వీలున్న వృత్తి వ్యాధుల పట్టికలోనూ ఉంది. కాబట్టి బళ్ళారి వైద్య కళాశాల ఆస్పత్రికి వెళ్ళినా, ఆలూరు ఆస్పత్రికి వెళ్ళినా, రాయి పనిచేసే మనిషి ‘దమ్ము’ అని మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. ఎన్నేళ్ళు, ఏ క్వారీలో, డ్రిల్లింగా, క్రషరా, అది ఓపీ చీటీ మీద రాయించుకోవాలి, ఎక్స్‌రే తీయించమని అడగాలి, ఆ కాగితాలు దాచిపెట్టుకోవాలి.